గుమ్మం దాటని మాట

సాలమోనుది మలికిపురం. బి.ఏ. ప్యాసై, గుమాస్తా పరీక్షలు రాసి రాసి విసిగిపోయి, ముప్పయ్యైదు దాటాక ఎనభై రెండులో కేంద్ర లెక్కల శాఖలో ఒక తాత్కాలిక ఉద్యోగం సంపాదించుకున్నాడు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే ఉద్యోగం. భార్య రూతు ఊళ్ళోనే బడిపంతులమ్మ. ఇన్నాళ్ళూ ఆమె జీతంతోనే ఇల్లు గడిచింది. ఆ ఏడు మొదటిసారి ఆయన చొక్కా జేబులో ఆఫీసు పెన్ను పెట్టుకుని బస్సెక్కుతుంటే రూతు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

ఆ సర్వే ఎందుకు పెట్టారో రాజమండ్రి ఆఫీసులో సూపరింటెండెంటు జగ్గయ్యగారు మొదటిరోజే విడమరిచి చెప్పారు. నోట్లు అచ్చువేసే పెద్ద బ్యాంకుకి, పల్లెల్లో జనం ఎవరి దగ్గర అప్పు తెస్తున్నారో, వాళ్ళకి ఆస్తిపాస్తులేమున్నాయో తెలియాలి. కాని ఊరూరూ తిరిగే మనుషులు బ్యాంకు దగ్గర లేరు. లెక్కల శాఖ దగ్గర ఉన్నారు. అందుకని రెండు ఆఫీసులూ ఒప్పందం చేసుకున్నాయి. ప్రశ్నలు కలిసి తయారుచేస్తారు, శాఖవాళ్ళు అడుగుతారు, మొత్తం లెక్క బ్యాంకు వాడుకుంటుంది. ఒక్కొక్క ఇంటికీ రెండుసార్లు వెళ్ళాలి, ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి.

"అన్నిటికంటే ముఖ్యం ఒకటుంది" అన్నారు జగ్గయ్యగారు. "ఫలానావాడు ఫలానా మాట చెప్పాడని మన నోట్లోంచి రాకూడదు. మునసబుకి కాదు, పోలీసుకి కాదు, కోర్టుకి కూడా కాదు. ఆ షరతు మీదే రెండు ఆఫీసులూ చేతులు కలిపేయి. అది పోయిందంటే మనకెవడూ నిజం చెప్పడయ్యా."

సాలమోను ఆ మాట బాగా పట్టించుకున్నాడు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ కూర్చోగానే ముందు అదే చెప్పేవాడు. "మీరు చెప్పింది ఈ గుమ్మం దాటదండి."

ఫిబ్రవరిలో ఆయన సఖినేటిపల్లి రేవుకి కాస్త ఎగువన, గట్టు కింద ఉన్న పేటలో సర్వే మొదలుపెట్టాడు. ఏ ఇళ్ళని అడగాలో తేల్చడానికి తీసిన చీటీల్లో వచ్చినవాటిలో నూకరాజు ఇల్లొకటి. తాటాకు కప్పు, మట్టిగోడలు, ముందు వశిష్ఠ గోదావరి. నూకరాజు పడవ నడుపుతాడు. అవతల నర్సాపురానికి కొబ్బరికాయలూ ధాన్యం బస్తాలూ చేరవేస్తాడు. ఇంట్లో భార్య కాంతమ్మ, చూపు సరిగా ఆనని తల్లి అచ్చమ్మ. పిల్లలు లేరు.

"పడవ సొంతమేనా అండీ?" అని అడిగాడు సాలమోను.

"నాదేనండి" అన్నాడు నూకరాజు. అని ఊరుకోక లేచి నిలబడి, గట్టున కట్టేసిన పడవని చూపించాడు. కొత్తగా నల్లరంగు పూసి ఉంది.

కాంతమ్మ లోపల్నించి అందుకుంది. "కలప వీర్రాజుగారిప్పించేరండి. అది దాచడమెందుకు. రెండేళ్ళపాటు ఆయన కాయలన్నీ కూలి లేకుండా అవతలికి చేరేసేం. దాంతో చెల్లైపోయిందని ఆయనే అన్నారు. ఇప్పుడు మాకూ ఆయనకీ ఏం లేదండి."

"కాగితం ఏమైనా రాసుకున్నారా?"

"ఆయన మాకు కాగితం రాయడవేంటి బాబుగారూ" అని నవ్వింది అచ్చమ్మ.

అదే వారంలో సాలమోను వీర్రాజు ఇంటికి కూడా వెళ్ళాడు. వీర్రాజుకి తోటలున్నాయి, వరిచేలున్నాయి, కాయల కొట్టుంది. ఆ పేటలో చాలామందికి అప్పిచ్చింది ఆయనే. మండువా ఇంటి అరుగు మీద సాలమోనుకి కుర్చీ వేయించి, తాను లోపలి గడప దగ్గర కూర్చున్నాడు.

"ఇదంతా ఇన్‌కంటాక్సు వాళ్ళకెళ్తుందాండీ?" అని అడిగాడు.

"వెళ్ళదండి. ఎవరికీ వెళ్ళదు. మీరు చెప్పింది ఈ గుమ్మం దాటదండి."

వీర్రాజుకి పూర్తిగా నమ్మకం కుదరలేదు. తోటలు సగానికి సగం తగ్గించి చెప్పాడు. ఇచ్చిన అప్పులు అసలు లేవన్నాడు. బళ్ళు, పడవలు ఏమైనా ఉన్నాయా అని సాలమోను అడిగితే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నాకు పడవలెక్కడివండీ. రేవులో ఉన్నవన్నీ పడవోళ్ళవే. నూకరాజు పడవని చూసి అడుగుతున్నారేమో, అది వాడి సొంతం. కలపకి సాయం చేసేను, ఎప్పుడో తీర్చేసేడు. నాకా పడవతో ఏం సంబంధం లేదండి."

సాలమోను తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు. అప్పుడది ఆయనకి పెద్ద సంగతిలా అనిపించలేదు.

సర్వే మనిషి వెళ్ళిపోయాక పేటలో ఒక పుకారు పుట్టింది. నోట్ల మీద సంతకం పెట్టే బ్యాంకే స్వయంగా అప్పులు రాసుకుపోయిందంటే ఊరికే కాదు, అన్నీ మాఫీ చేసేస్తారని. ఎమర్జెన్సీ రోజుల్లో బాకీలు వసూలు చెయ్యొద్దని ఆర్డరు వచ్చిన సంగతి అందరికీ గుర్తే. టీకొట్టులో ఈ కబురు రోజురోజుకీ పెరిగింది. కొంతమంది వడ్డీ కట్టడం మానేశారు. అది వీర్రాజు చెవిన పడింది. వాయిదా వరకూ ఆగితే చేతికేమీ రాదని ఆయనకి భయం పట్టుకుంది. వర్షాకాలం దగ్గరపడేసరికి ఒకరి పాడిగేదెని తోలించుకుపోయాడు. ఒకరి దొడ్డిలో కాయలు బలవంతాన దింపించాడు. ఏ బాకీ లేని నూకరాజుని కూడా వదల్లేదు. కాగితం లేని పడవ కళ్ళెదుట కనిపిస్తోంది కదా. సెప్టెంబరులో ఒక ఉదయం ఆయన పాలేళ్ళు వచ్చి పడవ విప్పుకుని, తన తోట వెనక కాలవలో కట్టేశారు.

నూకరాజు వెళ్ళి బతిమాలాడు. పెద్దమనుషుల దగ్గరికి తిరిగాడు. వాళ్ళంతా వీర్రాజు మాట కాదనలేనివాళ్ళే. నాలుగు రోజులు చూసి, పట్టపగలు అందరూ చూస్తుండగానే కాలవలోకి దిగి తన పడవని తానే విప్పుకుని గెడ వేసుకుంటూ వచ్చేశాడు. సాయంత్రానికి పోలీసులు వచ్చి అతన్నీ పడవనీ పట్టుకుపోయారు. పడవ దొంగతనం చేశాడని వీర్రాజు ఫిర్యాదు. పడవ తనదే అనడానికి నూకరాజు దగ్గర ఏముంది? రాజోలు సబ్‌జైల్లో పెట్టారు. జామీనుకి భూమి ఉన్న మనిషి కావాలన్నారు. ఊళ్ళో భూమి ఉన్నవాడెవడూ ముందుకి రాలేదు.

సాలమోనుకి ఇదంతా తెలియదు. అక్టోబరులో రెండోసారి ప్రశ్నలడగడానికి పేటలోకి వచ్చి, నూకరాజు ఇంటి ముందు నిలబడి పిలిచాడు.

కాంతమ్మ బయటికొచ్చింది. ఫిబ్రవరిలో చూసిన మనిషిలా లేదు. జుట్టు రేగిపోయి, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. ఆయన్ని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టగానే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది.

"వచ్చేరా బాబుగారూ! మీరొస్తారని రోజూ గట్టు మీద చూస్తున్నానండి. పెద్ద బ్యాంకు వాళ్ళకి చెప్పండి, మా పడవ మాకిప్పించమనండి. మా ఆయన్ని విడిపించమనండి. మీరు రాసుకున్నారు కదండీ, మా పడవని!"

చెప్పాల్సిందంతా చెప్పింది. మధ్యమధ్యలో ఏడుపుకి మాట ఆగిపోయేది. నులకమంచంలో పడుకున్న అచ్చమ్మ "ఎవరే, నూకడొచ్చేడా?" అని అడుగుతూనే ఉంది. జ్వరం వారంగా తగ్గలేదట.

సాలమోను వింటూ అరుగు మీద చేరగిలబడ్డాడు. 'నాకా పడవతో ఏం సంబంధం లేదండి.' వీర్రాజు చెయ్యి అడ్డంగా ఊపుతూ అన్న మాట చెవిలో వినబడుతోంది. ఆ మాట విన్నది ప్రపంచంలో తనొక్కడే.

"అమ్మా, మాకలా విడిపించే అధికారం ఏదీ లేదమ్మా" అన్నాడు చివరికి. "మేం అడగడం వరకే."

"మరెందుకడిగేరండీ?" అంది కాంతమ్మ. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగింది.

ఆయన ఆ రోజు ప్రశ్నలేవీ అడగలేకపోయాడు.

మర్నాడు వీర్రాజు ఇంటికి వెళ్ళాడు. వెళ్ళక తప్పదు, ఆ ఇల్లూ చీటీల్లో ఉంది. ఈసారి వీర్రాజు తానే అరుగు మీదికి వచ్చి పక్కన కూర్చున్నాడు. కొబ్బరినీళ్ళు తెప్పించాడు. సాలమోను గ్లాసు ముట్టుకోలేదు.

"పడవలేమైనా ఉన్నాయాండీ?" అని అడిగాడు, ఆయన కళ్ళలోకి చూస్తూ.

"ఉందండి ఒకటి. కిందటిసారి చెప్పడం మర్చిపోయేను."

"మర్చిపోలేదండి. నూకరాజుదని మీరే చెప్పేరు. బాకీ తీర్చేసేడని కూడా చెప్పేరు."

వీర్రాజు గొంతు బాగా తగ్గించాడు. మర్యాద మాత్రం తగ్గించలేదు.

"సాలమోనుగారూ, నేనప్పుడు ట్యాక్సు భయంతో ఏదో అన్నానండి. ఏమన్నా మీరు మాటిచ్చేరు కదండీ, గుమ్మం దాటదని? చదువుకున్నవారు. బైబిలు చదివేవారు. ఇచ్చిన మాట తప్పుతారా ఏంటి?"

"ఒక మనిషి జైల్లో ఉన్నాడండి."

"ఆయ్. ఉన్నాడండి. కోర్టుంది, చూసుకుంటుంది. అది మీ పనీ కాదు, నా పనీ కాదు."

"పోనీ, నేను చెప్పడానికి మీరే ఒప్పుకోండి. మాట మీది. మీరు సరేనంటే నాకే అడ్డూ ఉండదు. మీ ట్యాక్సు సంగతి నేనెత్తను. పడవ ముక్క ఒక్కటే." సాలమోను చేతులు జోడించాడు. అలా జోడిస్తానని ఆయనే అనుకోలేదు. వీర్రాజు వాటిని చూసి, లేచి, కండువా దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక సాలమోను అన్నం ముందు కూర్చుని కలిపి వదిలేశాడు. ఏమైందని రూతు అడిగింది. ఏం చెప్తాడు? భార్యకి చెప్పినా మాట దాటినట్టే.

"ఒకాయన నాకొకటి చెప్పేడు. అది నేను బయటపెడితే ఒక మనిషి బయటపడతాడు. పెట్టకూడదు."

"ఎవరు పెట్టకూడదన్నారు?"

"నేనే. నేనే మాటిచ్చేను. రెండు పెద్ద ఆఫీసులు నా నోటితో ఇప్పించేయి."

"అయితే ఆ ఆఫీసుల్నే అడగండి" అంది రూతు. "ఇప్పించినవాళ్ళు వెనక్కి తీసుకోలేరా?"

ఆ మాటతో ఆయనకి కాస్త ఊపిరొచ్చింది. పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కాడు.

జగ్గయ్యగారు తలుపు వేయించి అంతా విన్నారు. పేర్లు చెప్పకుండానే చెప్పాడు సాలమోను. వింటున్నంతసేపూ ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.

"నువ్వు చెప్పేదానికి నా ప్రాణం ఉసూరుమంటోందయ్యా. కాని నా చేతుల్లో లేదు. ఇది మనొక్కళ్ళ సర్వే అయితే పైవాళ్ళనడిగి చూద్దును. బ్యాంకుతో ఒప్పందం కదా. వాళ్ళు సరేనంటే తప్ప మనం ఒక్క మాట బయటపెట్టకూడదు."

"వాళ్ళనే అడగండి సార్. కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళెందుకు, కూర్చో." ఆయన అప్పుడే ట్రంకు కాలు బుక్ చేశారు. హైదరాబాదులో బ్యాంకు ఆఫీసు దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. ఎవరో ఆఫీసరు మర్యాదగానే విన్నాడు. ఇంటింటి సమాచారం శాఖ దగ్గర ఉంటుంది కాబట్టి అది శాఖ తేల్చుకోవాల్సిన విషయమని, తాము మొత్తం లెక్కలు మాత్రమే పుచ్చుకుంటామని అన్నాడు. జగ్గయ్యగారు ఢిల్లీకి టెలిగ్రాం ఇచ్చారు. ఢిల్లీ శాఖ నుంచి వచ్చిన జవాబు, బ్యాంకు సమ్మతి లేకుండా వీల్లేదని. సమ్మతి అడిగితే బ్యాంకు మళ్ళీ శాఖనే చూపించింది. ఇద్దరూ ఒకరంటే ఒకరికి ఎంతో గౌరవమున్నట్టే మాట్లాడారు.

ఇలా అక్టోబరు వెళ్ళిపోయింది. సాలమోను వారానికోసారి రాజమండ్రి వెళ్ళడం, జగ్గయ్యగారు తల అడ్డంగా ఊపడం, తిరిగి రావడం. రావులపాలెం దగ్గర బస్సు గోదావరి దాటుతుంటే కిటికీ పక్కన కూర్చుని నీళ్ళలోకి చూసేవాడు. దూరాన పడవ కనిపిస్తే మొహం తిప్పుకునేవాడు.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం కాంతమ్మ ఆయన్ని వెతుక్కుంటూ మలికిపురం వచ్చింది. సఖినేటిపల్లి నుంచి ఎండలో నడిచి వచ్చింది. రూతు బల్లమీద కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలోనే నేలమీద చతికిలబడింది.

"ప్లీడరుగారు చెప్పేరండి, వచ్చే సోమవారం వాయిదా అని. సాక్షులెవరన్నా ఉన్నారా అని అడిగేరు. మేం పడవ మాదని మీకు ఫిబ్రవరిలోనే చెప్పేం కదండీ, ఆ మాట మీరొచ్చి చెప్తే చాలండి. మా మాటే కదా, మేమే చెప్పమంటున్నాం."

"చెప్తానమ్మా. అది తప్పకుండా చెప్తాను" అన్నాడు సాలమోను వెంటనే. అని ఆగాడు. "కాని అది మీ మాటే అవుతుంది. మీ పడవ మీదని మీరనడం. కోర్టు దాన్ని పెద్దగా పట్టించుకోదేమో."

"మరెవరి మాట పట్టించుకుంటారండీ?"

ఆయన చూపు తిప్పుకున్నాడు. కాంతమ్మ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"మీకు తెలుసు" అంది. "మీకేదో తెలుసు బాబుగారూ. చెప్పండి. మా అత్త ఇక నిలిచేలా లేదండి. కొడుకొచ్చేడా కొడుకొచ్చేడా అని ఒకటే కలవరిస్తోంది. చెప్పండి, మీ కాళ్ళకి మొక్కుతాను." నిజంగానే కాళ్ళమీద పడిపోయింది. రూతు పరుగున వచ్చి లేవనెత్తబోతే విదిలించుకుంది. "చెప్పే దాకా లేవను."

సాలమోను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయనకి ఆ క్షణంలో వీర్రాజు గుర్తురాలేదు, జగ్గయ్యగారు గుర్తురాలేదు. ఏడాదిగా కూర్చున్న అరుగులన్నీ గుర్తొచ్చాయి. తనని నమ్మి, మొగుడికి తెలియకుండా తాకట్టు పెట్టిన పుస్తెల సంగతి చెప్పిన ఆడవాళ్ళు. కొడుకుల దగ్గర దాచిన బాకీలు చెప్పి కళ్ళు తుడుచుకున్న ముసలివాళ్ళు. ఒకరిది దాటిస్తే మిగతావాళ్ళ సంగతేంటి?

"సోమవారం నేనొస్తానమ్మా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేకపోయాడు.

కాంతమ్మ వెళ్ళాక రూతు తలుపు వేసొచ్చింది. తర్వాత, "మీ ఉద్యోగం గురించి భయపడుతున్నారేమో, అదొద్దు" అంది. "లేనప్పుడు బతకలేదా మనం?"

"ఉద్యోగం గురించి కాదు రూతూ."

"తెలుసు. కాని కాదని మీ నోటితో వినాలనిపించింది."

ఆదివారం సాలమోను ఆరాధనకి గుడికెళ్ళాడు. పాటలు పాడుతున్నప్పుడు పెదవులు కదిలించలేదు. ప్రార్థన అయ్యి బయటికొచ్చేసరికి తేల్చేసుకున్నాడు. చెప్పేస్తాడు. మాట తప్పినవాడని అంటే అననీ. రాత్రి నిద్రపట్టింది కూడా.

సోమవారం పదకొండు కాకముందే రాజోలు కోర్టు ఆవరణలోకి వెళ్ళాడు. ప్లీడరు ఒక వేపచెట్టు కింద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. సాలమోను తానెవరో చెప్పి, "పడవ విషయంలో నేనొక సాక్ష్యం ఇవ్వాలండి. ముఖ్యమైంది" అన్నాడు.

ప్లీడరు వాచీ చూసుకున్నాడు. "నూకరాజు కేసా? అయిపోయిందండి, ఇందాకే. మొదటి కేసదే. శనివారం తల్లి పోయిందని కబురొచ్చింది. చివరిచూపుకి కూడా నోచుకోలేదు. దినకార్యానికైనా వెళ్ళాలని ఏడ్చేడు. నేరం ఒప్పుకుంటే ఇప్పటిదాకా జైల్లో ఉన్నదే శిక్షగా సరిపెట్టి వదిలేస్తారని నేనే చెప్పేను. ఒప్పుకున్నాడు. పడవ ఫిర్యాదీకి అప్పగించమన్నారు."

సాలమోనుకి మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. ప్లీడరు మళ్ళీ చెప్పాడు.

నూకరాజు కోర్టు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. పక్కన కాంతమ్మ. సాలమోను వాళ్ళ ముందు నిలబడి, ఇన్నాళ్ళూ గొంతులో పట్టుకున్నదంతా ఒక్కసారిగా కక్కేశాడు. ఫిబ్రవరిలో వీర్రాజు అన్న ప్రతి ముక్కా చెప్పాడు.

నూకరాజు కదలకుండా విన్నాడు. "అది చెప్పడానికా వచ్చేరండి ఇయ్యాళ?" అన్నాడు.

"అవును."

"నిన్న ఎక్కడున్నారండి? మొన్న?"

సాలమోను పక్క మెట్టు మీద కూర్చోబోయాడు.

"ఇప్పుడు నా నోటితో నేనే దొంగనని చెప్పేనండి. అందరిముందూ. నా పడవని నేను దొంగిలించేనని చెప్పేను." నూకరాజు లేచి ఆయన్ని తప్పించుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కాంతమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, మొగుడి వెనకాల పరుగెత్తింది.

సాలమోను అక్కడి నుంచి ఇంటికి పోలేదు. తిన్నగా సఖినేటిపల్లి రేవుకి వెళ్ళాడు. అవతలికి దాటించే పంటు కోసం జనం గుమిగూడి ఉన్నారు. పడవలవాళ్ళంతా గట్టు మీద ఉన్నారు. వీర్రాజు తన కాయలు ఎక్కిస్తుంటే గొడుగేసుకుని చూస్తున్నాడు. సాలమోను ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తి మాట్లాడినవాడు కాదు. ఆ రోజు ఒక కాయల బస్తా మీదికి ఎక్కి నిలబడి, "వీర్రాజుగారు నాతో ఫిబ్రవరిలో చెప్పేరు, ఆ పడవ నూకరాజుదేనని! బాకీ తీరిపోయిందని! నేను విన్నాను! నేను విన్నాను!" అని అరిచాడు. గొంతు పగిలింది.

వీర్రాజు గొడుగు మడిచి, "చూసేరా, ఈయనకి మనం చెప్పుకున్న మాటలన్నీ ఇలాగే రేవులో పెడతాడు. మీరేం చెప్పుకున్నారో గుర్తుచేసుకోండి" అన్నాడు, అందరికీ వినబడేలా. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. కొంతమంది తలలు దించుకున్నారు. ఒక ముసలమ్మ సాలమోను వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జనంలోకి తప్పుకుంది. ఆమె ఇంట్లో కూర్చుని ఆమె రహస్యం విన్నవాడే సాలమోను.

వీర్రాజు ఫిర్యాదు రాజమండ్రికి వెళ్ళింది, హైదరాబాదుకీ వెళ్ళింది. ఈసారి రెండు ఆఫీసులకీ ఆలస్యం కాలేదు. ఒప్పందం ప్రకారం ఏం చెయ్యాలో ఇద్దరూ ఒకే అభిప్రాయానికి వచ్చారు. సాలమోనుని ఉద్యోగంలోంచి తీసేశారు. జగ్గయ్యగారు ఆ సంగతి పోస్టులో పంపకుండా తానే మలికిపురం వచ్చి చెప్పారు. కాఫీ తాగుతూ, "నువ్వు చేసింది తప్పని చెప్పాల్సినవాణ్ణి నేను" అన్నారు. "చెప్తున్నాను. తప్పే." కప్పు కింద పెట్టి చాలాసేపు ఆయన భుజమ్మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

రేవులో మాత్రం ఆ అరుపు వృథా పోలేదు. ఆ రోజు తలదించుకున్న పడవలవాళ్ళే మర్నాటి నుంచి వీర్రాజు కాయలు ఎక్కించుకోవడం మానేశారు. ఎవరూ ఎదురుతిరగలేదు. ఒకడు పడవకి చిల్లు పడిందన్నాడు, ఒకడు ఒంట్లో బాగాలేదన్నాడు. ముసురు పట్టింది. గట్టు మీద రాశి పోసిన కాయలు తడిసి మొలకలెత్తాయి. నర్సాపురం షావుకారు వేరేవాళ్ళ సరుకు కొనుక్కున్నాడు. డిసెంబరు వచ్చేసరికి వీర్రాజు, తల్లి పోయిన ఇల్లు కదా పాపమని జాలి తలచినట్టు నలుగురిలో చెప్పించి, పడవని పేట ముందు కట్టించేశాడు. అప్పటిదాకా పాలేళ్ళు దాన్ని కాలవలో ఎండకీ వానకీ వదిలేసి ఉంచారు. చెక్కలు విచ్చుకుపోయాయి.

పడవ వచ్చింది గాని నూకరాజు దాన్ని ముట్టుకోలేదు. క్రిస్మస్ వెళ్ళిన వారానికి కాంతమ్మ మళ్ళీ మలికిపురం వచ్చింది. ఈసారి ఏడవలేదు. దానికే రూతుకి ఎక్కువ భయమేసింది.

"ఆయన గట్టు దిగట్లేదండి. రేవులోకెళ్తే 'ఒప్పుకున్నాడుగా' అంటారంట. అనేవాళ్ళు అంటున్నారు కూడానండి. తిండి తినడు. నిన్న పొద్దుటే నీళ్ళలోకి మెడదాకా వెళ్ళి నిలబడ్డాడు. నేను చూసి ఈడ్చుకొచ్చేను. మీమీద చచ్చే కోపంగా ఉన్నాడండి. ఆ కోపంతోనైనా మాట్లాడతాడేమో, ఒక్కసారి రండి."

సాలమోను చెప్పులు వేసుకున్నాడు.

నూకరాజు ఇంటి వెనక గట్టు మీద కూర్చుని ఉన్నాడు. సాలమోను పక్కన కాస్త ఎడంగా కూర్చున్నాడు. ఇద్దరూ నదిని చూస్తూ ఉండిపోయారు. ఎండ నడినెత్తికొచ్చింది.

"క్షమించమని అడగడానికి రాలేదు నూకరాజూ" అన్నాడు సాలమోను.

"అడిగినా నా దగ్గర లేదండి."

"తెలుసు."

"మా అమ్మ చివర్లో నన్నడిగిందంటండి, పడవ తెచ్చేవా అని" అన్నాడు నూకరాజు. ఆ మాట అంటూనే భుజాలు కుదిపేసేలా ఏడ్చాడు. జైల్లో ఏడవలేదు, దినాల్లో ఏడవలేదని కాంతమ్మ తర్వాత చెప్పింది. సాలమోను చెయ్యి చాపలేదు. చాపే హక్కు తనకి లేదనుకున్నాడు. ఏడుపు దానంతటదే తగ్గే దాకా అక్కడే ఉన్నాడు.

"నన్ను అవతలికి దింపు" అన్నాడు సాలమోను చివరికి. "నర్సాపురంలో ఒక కొట్టులో గుమాస్తా కావాలన్నారు. అడిగి చూడాలి."

"పంటుందిగా అండీ."

"పంటెక్కను. నీ పడవలో పోతాను."

నూకరాజు ఆయన మొహంలోకి మొదటిసారి చూశాడు. "అది కారుతోందండి. మధ్యలో మునుగుతుంది."

"నేను తోడతాను."

నూకరాజు పడవ వైపు చూశాడు. తర్వాత లేచి, గోడకి ఆనించిన గెడ తీసుకుని గట్టు దిగాడు. కాంతమ్మ ఇంట్లోంచి ఒక రేకుడబ్బా తెచ్చి సాలమోను చేతికిచ్చింది. రేవులో ఉన్న మనుషులు చూస్తుండగానే పడవ పాయలోకి సాగింది. గట్టు వదిలీ వదలకముందే అడుగున చెక్కల సందుల్లోంచి నీళ్ళు పొంగడం మొదలెట్టాయి. సాలమోను పంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టుకుని, వంగి, డబ్బాతో తోడి పారబోస్తున్నాడు. తోడుతున్నకొద్దీ వస్తున్నాయి. నూకరాజు వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. అవతలి ఒడ్డు ఇంకా చాలా దూరంలో ఉంది.